కొత్త కంప్యూటర్‌లో పాత విండోస్ ఎక్కకపోతే షాపువాళ్లను అడగవచ్చా?

ప్రశ్న: మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేస్తాను. వాటి కోసం నాకు విండోస్ 7 కావాలి. పాత సిస్టమ్ పాడైపోయి కొత్తది కొన్నాను. ‘విండోస్ 7 వేసుకోవచ్చు, ఏం ఇబ్బంది ఉండదు’ అని చెప్పి అమ్మారు. ఎంత ప్రయత్నించినా ఎక్కడం లేదు. వెనక్కి తీసుకోమంటే ‘సిస్టమ్ బాగానే ఉంది కదా’ అంటున్నారు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. అమ్మేటప్పుడు వాళ్లు ఆ మాట అన్నారని చూపించగలిగితే మీ కేసు గట్టిదే.

విండోస్ 7 వచ్చింది 2009లో. దాని సెటప్ డిస్కులో యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు లేవు. అందుకే చాలా కొత్త బోర్డుల మీద భాష ఎంచుకోమనే మొదటి తెర దగ్గరే కీబోర్డు, మౌసు పనిచేయవు. డ్రైవర్లు కలిపిన పెన్‌డ్రైవ్‌తో ఆ గండం దాటినా కొత్త రకం ఎన్‌వీఎంఈ డిస్కును అది దానంతట గుర్తించదు. ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్ల నుంచి విండోస్ 10కే మద్దతు ఉంటుందని మైక్రోసాఫ్ట్ 2016లోనే ప్రకటించింది. విండోస్ 7కు సాధారణ మద్దతు కూడా 2020 జనవరి 14తో ముగిసింది. ఇవన్నీ కంప్యూటర్లు అమ్మేవారికి తెలిసి ఉండాల్సిన సంగతులు.

పాత విండోస్ ఎక్కనంత మాత్రాన కంప్యూటర్‌లో లోపం ఉందని చట్టం అనదు. మీరు అడగకుండా, వాళ్లు చెప్పకుండా కొని ఉంటే కేసు నిలవడం కష్టం. మీ విషయం వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 2(10) ప్రకారం, వ్యాపారి ఏ రూపంలోనైనా సరే చెప్పుకున్న ప్రమాణం వస్తువులో లేకపోతే అది లోపమే. ‘ఏ రూపంలోనైనా’ అన్నప్పుడు నోటిమాట కూడా అందులోకి వస్తుంది. కాకపోతే నోటిమాటను రుజువు చేయడం కష్టం. వాట్సాప్‌లో ఆ సంగతి ఏమైనా నడిచి ఉంటే చెరపకండి, ఫోను కూడా మార్చకండి. అసలు బిల్లే ఇవ్వలేదంటే, అది విడిగా అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది.

‘షాపు కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కారు’ అని అవతలివాళ్లు తప్పకుండా వాదిస్తారు. దానికి భయపడనక్కర్లేదు. బతుకుతెరువు కోసం స్వయంఉపాధికి కొన్న వస్తువుకు చట్టం రక్షణ ఇస్తుంది. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు టైపురైటర్‌నే ఉదాహరణగా తీసుకుంది. దాన్ని కొని, డబ్బు తీసుకుని ఇతరుల పని తానే కూర్చుని టైపు చేసేవాడు వినియోగదారేనని చెప్పింది. సాయానికి ఒకరిద్దరు ఉన్నా ఆ హక్కు పోదంది. ఈ తీర్పు మీకు చక్కగా వర్తిస్తుంది. నేనే కూర్చుని పని చేస్తానని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. మీరు వేయబోయిన విండోస్ 7 లైసెన్సుదేనా? పాత కంప్యూటర్‌తో వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ కంప్యూటర్‌కే చెల్లుతుంది. దొంగ కాపీని తెలిసి వాడితే కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా పడవచ్చు. వ్యాపారానికి కాని వాడకంలోనైతే కోర్టు జైలు లేకుండా వదలవచ్చు. షాపులో వాడేవారికి ఆ వెసులుబాటు లేదు.

ముందుగా షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఏ తేదీన ఏం చెప్పి అమ్మారో, ఇప్పుడు మీకేం కావాలో రాయండి. డబ్బు వాపసా, మార్పిడా తేల్చి అడగండి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెబితే కొన్నిసార్లు అక్కడే పరిష్కారమవుతుంది. లేదంటే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. షాపు ఏ ఊళ్లో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, వకీలును పెట్టుకోవాలన్న నిబంధనా లేదు.

ఇకపై కొనబోయే డీటీపీ మిత్రులకు ఒక మనవి. మీకు ఏ విండోస్ కావాలో, ఏ సాఫ్ట్‌వేర్ నడవాలో ముందే చెప్పి, ఆ మాట బిల్లు మీద రాయించుకుని సంతకం, ముద్ర తీసుకోండి. రాయనంటే ఆ షాపులో కొనకండి.