గండికోట బస్సులో తొలిరోజు డ్యూటీ

శనివారం తెల్లవారుజామున బెంగళూరు నుంచి కదిరి, పులివెందుల, ముద్దనూరు మీదుగా టూరు బస్సులు జమ్మలమడుగు చేరుతుంటాయి. భుజాన బ్యాగులతో దిగే యువతీ యువకుల్లో చాలామందికి పక్క సీట్లో ఉన్నవారి పేరు కూడా తెలియదు. వాళ్లను వెంటబెట్టుకుని గండికోట, బెలుం గుహలు చూపించడానికి ఈ నేల తెలిసిన మనుషులు కావాలి. గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో చదువు ముగించి, ఊరు వదలకుండా బతకాలనుకునే పిల్లలకు గైడు పని మంచి దారి.

కొత్తగా చేరినవాళ్లు రాజుల పేర్లు, సంవత్సరాలు బట్టీపట్టి వస్తారు. అవి అవసరమే. కానీ తొలిరోజు అసలు పని వేరు: కొత్త ముఖాలన్నీ సాయంత్రానికల్లా ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండే జట్టు కావాలి.

బస్సు ఎక్కకముందే

టూరు నడిపేవాళ్లు రోజుకు ఎంత ఇస్తారు, మీ తిండి ఖర్చు ఎవరిది, రాత్రి బస ఎక్కడ అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట మీద పనికి దిగొద్దు. గుడారాలు వేసే చోటు, భోజనం ముందురోజే ఖాయం చేసుకోండి. రాత్రంతా బండి నడిపిన డ్రైవరు పగలు నిద్రపోవడానికి నీడపట్టు చూడండి. తిరుగు ప్రయాణంలో అందరి ప్రాణాలూ ఆయన చేతిలోనే ఉంటాయి.

పులివెందులలో టీ తాగేటప్పుడు

పరిచయాలకు ఇదే మంచి సమయం. నిద్రకళ్లతో ఉన్నవాళ్ల చేతికి మైకు ఇవ్వకండి. టీ గ్లాసు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి పేరు, ఊరు అడగండి. ఆయాసం, ఫిట్స్, షుగరు లాంటివి ఉన్నాయేమో పక్కకు పిలిచి తెలుసుకోండి. మరుసటి రోజు బెలుంలో 3,229 మీటర్ల గుహలో సుమారు కిలోమీటరున్నర నడవాలి. లోపల ఉక్కపోత. ఆయాసం ఉన్నవాళ్ల సంగతి ఈరోజే తెలియాలి. ఆడవాళ్లకు శుభ్రమైన టాయిలెట్ ఎక్కడుందో వాళ్లు అడగకముందే మీరే చెప్పండి.

ఒంటరిగా వచ్చినవాళ్లను ఇద్దరిద్దరిని జత చేయండి. బస్సు కదిలే ప్రతిసారీ "నీ జత ఉందా?" అని అడిగితే చాలు, లెక్క తేలిపోతుంది. అయినా సీట్ల మధ్య నడుస్తూ మీరూ ఒకసారి తలలు లెక్కపెట్టండి.

జమ్మలమడుగులో

కోట ఇక్కడికి 15 కిలోమీటర్లే. పైన అన్నీ దొరుకుతాయని నమ్ముకోకుండా నీళ్లు, మందులు, టార్చి సెల్లులు ఇక్కడే కొనిపించండి. టిఫిన్‌కు ఉగ్గాని, బజ్జీ పెట్టించి, కారం తక్కువ తినేవాళ్ల కోసం ఇడ్లీ కూడా చెప్పండి.

కోటలో

వచ్చినవాళ్లు ఇక్కడి లోయను "ఇండియా గ్రాండ్ కాన్యన్" అంటారు. కాదనకండి. ఎర్రమల కొండలను కోసుకుంటూ పారేది మన పెన్న అని చెప్పి, అది మైలవరం జలాశయం వైపు సాగే దారిని చేయెత్తి చూపించండి. మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం ఒకదాని తర్వాత ఒకటి నడిపిస్తూ చోటుకో మాట చెప్పండి. పెమ్మసాని నాయకుల కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి వచ్చాక, ఆయన్ను కలవడానికి ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియె 1652లో ఇక్కడికి వచ్చాడు. ఈ ఒక్క సంగతి చాలు, ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.

లోయ అంచు దగ్గర మాత్రం మొహమాటం వద్దు. చాలాచోట్ల కంచె లేదు, రాయి జారుతుంది. సెల్ఫీ కోసం ముందుకు వెళ్లేవాళ్లను "అన్నా, ఇంక చాలు, వెనక్కి రా" అని గట్టిగా పిలవండి. తాగినవాళ్లను అటు పోనివ్వొద్దు. పొద్దు గుంకి చీకటి పడకముందే అందరినీ వెనక్కి మళ్లించండి. 108, 112 నంబర్లు అందరి ఫోన్లలో ఎక్కించండి. సిగ్నల్ అందని చోటు ఉండొచ్చు కాబట్టి, దెబ్బ తగిలితే జమ్మలమడుగుకు తీసుకెళ్లే బండి ఏదో ముందే అనుకోండి.

పడుకునేముందు

అందరినీ పది నిమిషాలు కూర్చోబెట్టి రేపటి టైములు చెప్పండి. ఇబ్బంది ఏదైనా ఉంటే మీకు విడిగా చెప్పొచ్చనండి. ఆరోజు ఖర్చు కాగితం మీద రాసుకోండి.

చరిత్రలో ఒక తేదీ తప్పితే రేపు దిద్దుకోవచ్చు. ఒక మనిషి తప్పిపోతే దిద్దుకోలేం. వచ్చినవాళ్లంతా క్షేమంగా ఉన్నారని చూసుకున్నాకే ఆరోజు డ్యూటీ దిగండి.