డ్రోనుతో మందు కొట్టుటకు పైలట్ పత్రము



చిత్తూరు, తిరుపతి జిల్లాలలో మందు కొట్టుటకు మనుష్యులు దొరకుట నానాటికి కష్టమగుచున్నది. వీపున పంపు మోయుచు, బురద కయ్యలలో నడచుచు, మందు తుంపరను తానే పీల్చుకొనుచు ఎకరము పూర్తి చేయుట ఎంత శ్రమయో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. పది లీటర్ల తొట్టి గల డ్రోను ఆ పనిని సుమారు పది నిమిషములలో ముగించును. జపాను దేశమున యమహా కంపెనీ వరి పొలములకు మందు చల్లుటకై మనిషి ఎక్కని హెలికాప్టరును 1987లోనే తయారు చేసెను. మన దేశమున 2021 ఆగస్టులో డ్రోను నియమావళి వెలువడిన పిమ్మట ఈ పద్ధతి పల్లెలకు వేగముగ వచ్చుచున్నది.

అయితే డ్రోను కొనుట వేరు, దానిని ఎగురవేయు అర్హత సంపాదించుట వేరు. "నా పొలము, నా డ్రోను, నాకు పత్రము దేనికి?" అని కొందరు అడుగుచుందురు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము.

చట్టము చెప్పునది

డ్రోనులను బరువును బట్టి ఐదు తరగతులుగ విభజించిరి. 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్, 150 కిలోల వరకు మీడియం, ఆపైన లార్జ్. ఇచ్చట బరువనగా తొట్టి, మందు, బ్యాటరీలతో కలిపి లేచునప్పటి మొత్తము బరువు. పది లీటర్ల మందు డ్రోనులు సాధారణముగ స్మాల్ తరగతిలోనికి వచ్చును. ఈ తరగతి డ్రోనును స్వంత పొలముపై ఎగురవేసినను, కూలికి ఎగురవేసినను రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండి తీరవలెను. నానో డ్రోనుకు, వ్యాపారమునకు కాక వాడు మైక్రో డ్రోనుకు మాత్రమే మినహాయింపు కలదు. నియమము తప్పినవారికి లక్ష రూపాయల వరకు జరిమానా విధించుటకు 2021 నియమావళి వీలు కల్పించినది.

పత్రము పొందు విధము

1. వయస్సు 18 సంవత్సరములకు తక్కువ కాకుండ, 65కు మించకుండ ఉండవలెను.

2. పదవ తరగతి ఉత్తీర్ణులై యుండవలెను. పట్టా చదువు అవసరము లేదు.

3. పాస్‌పోర్టు లేదని వెనుకాడవద్దు. 2023 సెప్టెంబరు సవరణ ప్రకారము ఓటరు కార్డు, రేషను కార్డు, డ్రైవింగ్ లైసెన్సు వంటి ప్రభుత్వ గుర్తింపు పత్రములు చాలును.

4. పౌర విమానయాన డైరెక్టరేటు అనుమతి గల శిక్షణ సంస్థలో చేరి, పాఠములు, అభ్యాసము పూర్తిచేసి, పరీక్షలో నెగ్గవలెను. 2022 ఫిబ్రవరి సవరణ తరువాత ఆ సంస్థ ద్వారానే సర్టిఫికెట్ లభించును. గుంటూరు వద్ద లాంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము ఇట్టి శిక్షణకు అనుమతి పొందినది.

5. సర్టిఫికెట్ పది సంవత్సరములు చెల్లును. అది ఏ తరగతి డ్రోనుకు ఇచ్చిరో దానికే పనికివచ్చును. పెండ్లి ఫొటోలు తీయు చిన్న డ్రోనుకు పత్రమున్నవారు ఆ పత్రముతో మందు డ్రోనును ఎగురవేయరాదు.

డ్రోను అమ్మువారు రెండు రోజులు మీట నొక్కుట నేర్పి పంపినచో అది ఈ శిక్షణకు బదులు కాజాలదు. డబ్బు కట్టుటకు ముందు ఆ సంస్థకు అనుమతి యున్నదో లేదో, ఏ తరగతికి ఉన్నదో అడిగి తెలిసికొనుడు.

పొరుగు చేనికి జవాబుదారీ

పత్రము అవసరమనుటకు చట్టము ఒక కారణము. అంతకన్న పెద్ద కారణము మందు బలములో ఉన్నది. ఎకరమునకు 200 మిల్లీలీటర్లు వాడవలసిన మందు ఒకటి ఉన్నదనుకొనుడు. చేతి పంపుతో దానిని 200 లీటర్ల నీటిలో కలిపినచో లీటరుకు 1 మిల్లీలీటరు పడును. డ్రోనుతో 10 లీటర్లలోనే కలుపుదుము గనుక లీటరుకు 20 మిల్లీలీటర్లు పడును. అనగా డ్రోను నుండి జారు ప్రతి బొట్టు ఇరువది రెట్లు ఘాటైనది. అది మన చేనిలో పడిన మందు. గెనిమ దాటిన విషము.

ఆ బొట్టు ఎంత దూరము పోవునో లెక్క చూడుడు. మిల్లీమీటరులో పదవ వంతు ఉన్న సన్నని బొట్టు నిలుకడ గాలిలో సెకనుకు సుమారు పావు మీటరు మాత్రమే దిగును. రెండు మీటర్ల ఎత్తు నుండి నేల చేరుటకు 8 సెకనులు పట్టును. గాలి సెకనుకు 3 మీటర్ల వేగముతో వీచుచున్నచో ఈలోగా అది 24 మీటర్లు ప్రక్కకు పోవును. అదే డ్రోనును నాలుగు మీటర్ల ఎత్తున నడిపినచో 48 మీటర్లు పోవును. రెక్కల గాలి బొట్టును కొంత క్రిందికి నెట్టును గాని పూర్తిగ ఆపలేదు. బొట్టు పరిమాణము రెండింతలైనచో సెకనుకు సుమారు 0.7 మీటరు దిగును. రెండు మీటర్ల ఎత్తు నుండి 9 మీటర్లకు మించి పోదు. కావున ఎత్తు, గాలి, నాజిల్ అను మూడింటిని అదుపులో ఉంచగలవాడే నిజమైన పైలట్.

పలమనేరు, కుప్పం, వి.కోట ప్రాంతములలో ఈ మాట మరింత ముఖ్యము. అచ్చట ఒకరి వరి మడి ప్రక్కనే మరియొకరి మల్బరీ తోట ఉండును. కంటికి కనబడని తుంపర ఆ ఆకుపై పడి, ఆ ఆకును మేసినచో నాలుగవ జ్వరము దాటిన పురుగులు సైతము తట్టలలోనే చచ్చును. గూడు అల్లుటకు సిద్ధమైన పంట, దానిపై చేసిన అప్పు, రెండు ఇండ్ల మధ్య స్నేహము ఒక్క ఉదయమున పోవును. పొరుగున మల్బరీ, తేనెపెట్టెలు, పశువుల మేత, త్రాగునీటి బావి ఉన్నచో ముందురోజే వారితో మాట్లాడవలెను. గాలి వారి వైపు వీచుచున్నచో ఆ పూట పని మానవలెను. చెట్ల చిన్న కొమ్మలు ఎడతెగక కదలుచున్నచో గాలి హద్దు దాటినదని గ్రహింపుడు. ఆషాఢ మాసపు గాలులలో చెనిక్కాయ చేలకు మందు కొట్టువారు దీనిని మరువరాదు.

2023లో కేంద్ర ప్రభుత్వము మహిళా సంఘములకై ఆరంభించిన నమో డ్రోన్ దీదీ పథకములో 15 రోజుల శిక్షణ పెట్టిరి. అందులో ఎగురవేయుటకు 5 రోజులు, ఎరువులు, మందులు చల్లు పద్ధతికి 10 రోజులు. ఎగురవేయుట కన్న చల్లుట ఎంత పెద్ద విద్యయో దీనిని బట్టి తెలియును.

ఎగురవేయరాని చోట్లు

మన ప్రాంతమున మూడు చోట్ల ప్రత్యేక జాగ్రత్త కావలెను. రేణిగుంట విమానాశ్రయపు హద్దు నుండి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేనిదే డ్రోను లేపరాదు. 8 నుండి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల ఎత్తు దాటరాదు. తిరుమల కొండపై డ్రోను నిషిద్ధము. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రపు పరిసరములలోను ఎగురవేయరాదు. హద్దులు మారుచుండును గనుక పౌర విమానయాన శాఖవారి గగనతల పటమును పని రోజుననే సెల్‌ఫోనులో చూచుకొనవలెను. ఆకుపచ్చ మండలములో 400 అడుగుల వరకు వేరు అనుమతి అక్కరలేదు. మందు కొట్టుటకు పైరుపై రెండు మూడు మీటర్లు చాలును గాని, బోరు మోటార్లకు పోవు కరెంటు తీగలు ఆ ఎత్తుననే ఎదురగును. చేను నడచి చూచిన పిమ్మటనే డ్రోను లేపవలెను.

ఏ పంటలకు?

వరి, మొక్కజొన్న, ప్రత్తి, వేరుశనగ, కంది, కుసుమ, నువ్వులు, సోయా చిక్కుడు, చెరకు, గోధుమ అను పది పంటలకు కేంద్ర వ్యవసాయ శాఖ 2023లో డ్రోను పద్ధతులను ప్రకటించినది. మనకు ముఖ్యమైన వరి, వేరుశనగ, చెరకు, కంది ఇందులో కలవు. మామిడి, టమోటా ఆ జాబితాలో లేవు. గుబురుగ పెరిగిన మామిడి చెట్టు లోపలి కొమ్మలకు పైనుండి చల్లిన కొద్దిపాటి ద్రవము సరిగ చేరదు. ఏ మందు డ్రోనుకు తగునో, ఎంత మోతాదో రైతు సేవా కేంద్రములో గాని, మండల వ్యవసాయాధికారిని గాని అడిగియే కలుపవలెను.

కొనుటకు ముందు

ముందు విద్య, తరువాత యంత్రము. శిక్షణ పొందినవారు సంఘముగ చేరి ఒక డ్రోనును కొనుట మేలు. రెండు మూడు ఎకరములున్న రైతు ఒంటరిగ కొనినచో యంత్రము ఎక్కువ రోజులు ఇంటనే ఉండును. 2022లో ప్రకటించిన కేంద్ర సహాయములో చిన్న, సన్నకారు, మహిళా, షెడ్యూల్డు కులముల, తెగల రైతులకు ధరలో సగము, 5 లక్షల వరకు. ఇతర రైతులకు 40 శాతము, 4 లక్షల వరకు చూపిరి. డ్రోన్ దీదీ పథకములో 2023-24 నుండి 2025-26 వరకు మహిళా సంఘములకు 80 శాతము, 8 లక్షల వరకు కేటాయించిరి. ఈ సంవత్సరపు నిబంధనలు తెలిసికొని గాని బయానా ఇయ్యవద్దు.

డ్రోనుకు టైప్ సర్టిఫికెట్, ప్రత్యేక గుర్తింపు సంఖ్య, ఇతరులకు కలుగు నష్టమునకు బీమా ఉండవలెను. కూలికి పిలుచు రైతు కూడ పైలట్ పత్రమును, బీమా కాగితమును చూపుమని అడుగవలెను. అడుగుటలో తప్పు లేదు. చూపలేనివానిని చేనిలోనికి రానిచ్చుటయే తప్పు.

గ్రామమునకు ఒక్కరైనను, పదవ తరగతి చదివి పనికై ఎదురుచూచుచున్న యువతీయువకులు ఈ విద్య నేర్చినచో, వారికి జీవనము, రైతుకు శ్రమ తగ్గుట, పొరుగు తోటకు రక్షణ మూడును చేకూరును.