చెరువే పుట్టిల్లు

ఆశ్వయుజం గడచి కార్తికం ప్రవేశించగానే తెలుగునాట చెరువుల రూపు మారుతుంది. వానకాలమంతా ఎర్రగా పొంగిన నీరు తేటపడుతుంది. అలుగులు ఆగిపోతాయి. గట్టు వెంబడి రెల్లు తెల్లగా పూస్తుంది. కొక్కెరలకు, నీటికోళ్ళకు నెలవైన ఆ జలాశయాల మీద కొత్త రెక్కల చప్పుడు వినిపిస్తుంది. ఫాల్గుణం దాకా సాగే ఈ సందడిని చూచి జనులు ‘సైబీరియా పక్షులు వచ్చాయి’ అని సంబరపడతారు. పత్రికలు ‘విదేశీ అతిథులు’ అని శీర్షికలు పెడతాయి. ఈ మాటలో కొంత నిజమున్నది, కొంత పొరపాటూ ఉన్నది. పాలను, నీటిని వేరుచేసే నేర్పు హంసకున్నదని మన పూర్వులు చెప్పారు. చెరువుగట్టున నిలిచి పక్షులను చూసేవారికి కూడా అట్టి వివేకమే కావాలి.

ముందుగా నిజమైన అతిథులను చూద్దాం. తోక సూదిలాగా సాగి ఉండే సూదితోక బాతులు, ముక్కు చెంచాలాగా వెడల్పయిన చెంచామూతి బాతులు ఉత్తరాన ఉన్న శీతల దేశాలలో పుట్టి పెరుగుతాయి. అక్కడ నీరు గడ్డకట్టి మేత దొరకని నెలలలో వేల కిలోమీటర్లు ఎగిరి దక్షిణానికి వస్తాయి. తలమీద రెండు నల్లని పట్టీలు గల ఒక జాతి బాతు టిబెట్టు, మంగోలియా ప్రాంతాలలో గూడుకట్టి, హిమాలయాలను దాటి మన చెరువులకు చేరుకుంటుంది. ఉపగ్రహ పరికరాలు అమర్చి పరిశీలించినప్పుడు ఈ పక్షి ఒక్కొక్కసారి 7,000 మీటర్లకు మించిన ఎత్తున ఎగిరినట్లు తేలింది. ప్రాచీన కావ్యాలలోని హంస ఈ పక్షియేనని భావించే పండితులు ఉన్నారు. కాళిదాసు ‘మేఘసందేశం’లో హంసలు కైలాసం వైపు ప్రయాణిస్తాయి. కవి కల్పనగా తోచే ఆ వర్ణనకు వెనుక ఆకాశాన్ని శ్రద్ధగా చూచిన కన్నులున్నాయనడంలో సందేహం లేదు.

ఈ అతిథులు మన చెరువులలో గుడ్లు పెట్టవు. వాటికి కావలసినది లోతులేని నీరు, నాచు, గింజలు, పురుగులు, కొంత నిశ్శబ్దం. ఎండలు ముదిరేలోగా అవి తమ జన్మభూములకు మరలిపోతాయి.

ఇక రెండవ తెగ పక్షుల సంగతి వేరు. ముక్కుకింద సంచి వేలాడే గూడబాతులను, రెక్కల చివర గులాబీ వన్నె గల ఎర్రకాళ్ళ కొంగలను కూడా మన జనం సైబీరియా పక్షులనే పిలుస్తారు. నిజానికి వాటికి సైబీరియాతో ఏ సంబంధమూ లేదు. అవి ఈ నేలమీద పుట్టినవే. నీటిని, చేపలను వెదకుతూ దేశంలోనే అటూ ఇటూ తిరుగుతాయి. గూడు కట్టవలసిన వేళకు తమకు నమ్మకమైన చెట్లను వెదకుకొంటూ తిరిగి వస్తాయి. పులికాట్ సరస్సులో తెల్లని పూలతోటవలె కనిపించే రాజహంసలది మరొక తీరు. వాటిని ఆంగ్లంలో ఫ్లెమింగోలంటారు. మన దేశంలో వాటి ప్రధానమైన సంతానోత్పత్తి స్థానం గుజరాత్‌లోని కచ్ఛ్ రణ్ ప్రాంతం.

తెలుగింట ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వస్తుంది. అతిథికి ఒక పూట విందు చాలును. పురిటికి వచ్చిన బిడ్డకు గది కావాలి, గాలి తగలని చోటు కావాలి, నెలల తరబడి ఓర్పుతో చూసుకొనే మనుషులు కావాలి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు మన పల్లెలకు వచ్చేది అతిథులుగా కాదు, ఆడపడుచులుగా. ఈ భేదం తెలియకపోతే వాటికి ఏమి చేయాలో కూడా తెలియదు.

ఈ భేదాన్ని పుస్తకం చదవకుండానే గ్రహించిన గ్రామాలున్నాయి. శ్రీకాకుళం జిల్లా టెక్కలి సమీపంలోని తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి నడుమ చింతచెట్ల మీదనే గూళ్ళు కడతాయి. పక్షులు వచ్చిన ఏడు పంటలు పండుతాయని అక్కడివారి నమ్మకం. రెట్టల వాసన, రాత్రింబవళ్ళు ముక్కుల టకటకలు సహించడం తేలిక కాదు. అయినా గ్రామస్థులు సహిస్తారు. అదే జిల్లాలో ఇచ్ఛాపురం వద్దనున్న తేలుకుంచికి తొలకరి వేళకే నత్తగుల్ల కొంగలు చేరుతాయి. ముక్కు రెండు భాగాల నడుమ సందు ఉండటం వాటి గుర్తు. పొలాలలోని నత్తలు వాటి ఆహారం. నత్తలు తగ్గితే వరికి మేలు కనుక రైతుకు, పక్షికి నడుమ మాట లేని ఒప్పందం కుదిరింది.

తిరుపతి జిల్లాలోని నేలపట్టు చెరువులో కడప చెట్ల మొదళ్ళు నీటిలో మునిగి ఉంటాయి. ఆ కొమ్మల మీద గూడబాతులు పిల్లలను పెంచుతూ, మేతకు పులికాట్ వరకు వెళ్ళివస్తాయి. 1976లో ఈ చెరువును పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. రెట్టలు కలిసిన చెరువునీరు పొలాలకు ఎరువవుతుందని అక్కడి రైతులు చెబుతారు. గుంటూరు సమీపాన ఉప్పలపాడులో ఊరి చెరువే పక్షులకు ఆశ్రయమైంది. చెట్లు చాలనందున అక్కడ ఇనుప మంచెలను కూడా నిలబెట్టారు.

పుట్టిల్లు చెదిరితే ఏమవుతుందో కొల్లేరు చెబుతుంది. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పరచుకొన్న ఆ మంచినీటి సరస్సు ప్రాంతంలో 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు గూడబాతుల గూళ్ళ సముదాయాన్ని గుర్తించాడు. సుమారు 3,000 పక్షులు అక్కడ గూళ్ళు కట్టుకొని ఉండేవి. మనుషుల అలజడి పెరిగి 1975 ప్రాంతానికి ఆ స్థలాన్ని అవి విడిచిపోయాయి. ఆ తరువాత చేపల చెరువులు సరస్సును ముక్కలు చేశాయి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అనేక చేపల చెరువుల గట్లను తొలగించారు. దానివల్ల జీవనాధారం కోల్పోయిన కుటుంబాల ఆవేదన కూడా ఈ కథలో భాగమే. పక్షికి న్యాయం చేసేటప్పుడు పేదవానికి అన్యాయం జరగకుండా చూడటమే అసలైన పరీక్ష. కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతులు మళ్ళీ గూళ్ళు కట్టాయి. ఆదరణ లభిస్తే ఆడపడుచు అలక మాని తిరిగివస్తుందనడానికి అదొక సాక్ష్యం.

అయితే అన్ని చోట్లా అంత సులభంగా తిరిగిరాదు. బాతుకు ఒక చెరువు ఎండితే మరొక చెరువు దొరకవచ్చును. గూటికి తగిన వృక్షం ఏడాదిలో పెరగదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం తీరాన్ని తాకినప్పుడు లెక్కలేనన్ని చెట్లు నేలకూలాయి. తాత నాటిన చింతచెట్టు పోతే మనుమని కాలానికి గాని దాని లోటు తీరదు. అందువలన గట్టుమీద చెట్టును కాపాడటం చెరువును కాపాడటంలో సగం పని.

పట్టణ విద్యార్థికి కూడా ఇందులో పాత్ర ఉన్నది. హైదరాబాదు పొలిమేరలోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తించారు. చుట్టూ భవనాలు లేచినా చలికాలంలో అక్కడ బాతులు దిగుతాయి. 1987 నుండి ఆసియా ఖండంలో ఏటా జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతున్నది. అందులో శాస్త్రజ్ఞులతో పాటు సామాన్య ఔత్సాహికులు పాల్గొంటారు. దీనికి కావలసిన సరంజామా స్వల్పం: ఒక బైనాక్యులర్, ఒక నోటుపుస్తకం, తెల్లవారుజామున లేచే అలవాటు. మాసిన రంగు దుస్తులు ధరించాలి. ఎండ వీపున పడేటట్లు నిలబడాలి. గూళ్ళున్న చెట్టు కిందికి పోరాదు. పెద్ద పక్షి బెదిరి లేచిపోతే గుడ్లు ఎండకు, కాకులకు గురవుతాయి. చూసిన జాతి, సంఖ్య, తేదీ రాసుకోవాలి. ముఖ్యంగా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ పక్షి ఇక్కడ మేస్తున్నదా, గూడు కడుతున్నదా? ముక్కున పుల్ల పట్టుకొని ఎగిరే పక్షి కనిపిస్తే సమాధానం దొరికినట్లే.

కాకతీయుల కాలంలో పాకాల, రామప్ప చెరువులను తవ్వించినవారు పొలాల కోసం తవ్వించారు. పక్షులు ఆ నీటిలో తమ వాటాను తామే వెదకుకొన్నాయి. మనిషి తవ్విన చెరువులో మనిషికి మాత్రమే హక్కు ఉన్నదనుకొంటే అది గుంటగా మిగులుతుంది. పుట్టింటి గడప తొక్కే ఆడపడుచును ‘ఎక్కడి నుండి వచ్చావు’ అని అడిగే ఇల్లు తెలుగునాట ఉండదు. గూడబాతును సైబీరియా పక్షి అనడం మానుకోవడమే ఆ మర్యాదకు తొలిమెట్టు.

అభ్యాసం

1. చలికాలంలో మన చెరువులకు వచ్చే పక్షులను రచయిత ఏ విధంగా విభజించారు? ఆ విభజన వలన ప్రయోజనమేమి?
2. కొల్లేరు చరిత్ర నుండి మనం గ్రహించవలసిన విషయాలను వివరించండి.
3. ‘గట్టుమీద చెట్టును కాపాడటం చెరువును కాపాడటంలో సగం పని’ – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. మీ ఊరి చెరువును ఒక ఉదయం పరిశీలించి, కనిపించిన పక్షులను గురించి ఒక పుటకు మించకుండా రాయండి.