మాటలాడకముందు అడిగి తెలిసికొనుట

చదువవలసిన భాగములు: సామెతలు 18:13, అపొ. కార్యములు 14:8–17, 17:16–28



కొంతకాలము క్రిందట పొరుగు గ్రామపు సాయంకాల కూటమునకు నన్ను పిలిచిరి. తప్పిపోయిన కుమారుని గూర్చిన ప్రసంగ మొకటి నాయొద్ద సిద్ధముగా నుండెను; నాలుగైదు ఊళ్లలో చెప్పి మెప్పు పొందినదే. బండి దిగి తిన్నగా బల్లయొద్దకు పోయితిని. తలిదండ్రుల గారాబమే బిడ్డలను చెరుపునని నేను గట్టిగా చెప్పుచుండగా, ముందు వరుసలోని యొక తల్లి కొంగు నోటికి అడ్డము పెట్టుకొని లేచిపోయెను. కూటము ముగిసిన పిమ్మట సంఘపెద్ద నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, ఆమె కొడుకు ఇల్లు విడిచిపోయి ఆరు నెలలైందండి. ముందు మమ్మల్ని ఒక్కమాట అడగవలసింది" అనెను. సంగతి వినకముందే మాటలాడువాని సిగ్గును గూర్చి సామెతల గ్రంథములో అనేక పర్యాయములు చదివితిని. అది నాకే వచ్చినది.

పౌలు అట్లు చేయలేదు. ఏథెన్సులో ముందుగా పట్టణమును సంచరించి చూచెను. అచ్చటి బలిపీఠము మీది వ్రాతతోనే మాట మొదలుపెట్టెను, వారి కవుల మాటనే వారికి చెప్పెను. లుస్త్రలోనైతే కవుల ఊసు లేదు. ఆ జనులకు ఆకాశమునుండి కురియు వర్షమును, పంటకాలములను, ఆహారమును చూపెను. దేవుడొక్కడే, వినువారు వేరు.

ఇట్లు విచారించి మాటలాడినవారిలో అమెరికా దేశపు బాప్టిస్టు బోధకుడు రస్సెల్ కాన్వెల్ (1843–1925) ఒకడు. "ఎకరాలకొలది వజ్రములు" అను ఒకే ఉపన్యాసమును ఆయన 6,000 సార్లకు పైగా చెప్పెను. ఒకే మాట అన్నిసార్లు చెప్పిన పాచిపోవదా అని మీరడుగవచ్చును. ఆయన ఏ ఊరికి పోయినను వీలైనంత పెందలకడనే చేరి, తపాలా ఉద్యోగిని, మంగలిని, హోటలువానిని, బడిపంతులును, అచ్చటి బోధకులను కలిసికొనెడివాడు. అంగళ్లలో కూర్చుండి ఆ ఊరివారికి ఏమి కలిసివచ్చినది, ఏమి చెడిపోయినది అని విచారించెడివాడు. రాత్రి వేదికమీద వారి ఊరి సంగతులే వారికి చెప్పెడివాడు. ఆ సొమ్ముతో బీద విద్యార్థులను చదివించెను. 1912లో న్యూయార్కు వై.ఎం.సి.ఏ.లో వ్యాపారస్థులకు ప్రసంగవిద్య నేర్ప మొదలుపెట్టిన డేల్ కార్నెగీ సహితము, తరువాత తన పుస్తకములో కాన్వెల్ పద్ధతినే మాదిరిగా చూపెను.

ఒక చిన్న మాట. ఆ ఉపన్యాసములోని కథలో సింధునది ప్రాంతపు రైతొకడు పొలమమ్ముకొని వజ్రములకై దేశములు తిరుగును. అతడు విడిచిన పొలములోనే గోల్కొండ గని బయటపడును. ఫిలడెల్ఫియావారు నోరు తెరచుకొని వినిరి గాని, కృష్ణ ఒడ్డున కొల్లూరులో గోల్కొండ వజ్రములు త్రవ్విన సంగతి ఎరిగిన మన గుంటూరు ప్రాంతపు ముసలివాడొకడు ఆ సభలో నుండినయెడల, "సింధునది ఎక్కడ, గోల్కొండ ఎక్కడ బాబూ!" అనియుండును.

ఇది బోధకులకు మాత్రమే గాదు. మన మహిళా సంఘపు అక్కలు గేదెల అప్పుకొరకు బ్యాంకుకు పోవునప్పుడు తమ కష్టములన్నియు ఏకరువు పెట్టుదురు. మేనేజరుకు కావలసినది వేరు: గేదె పూటకు ఎన్ని లీటర్లిచ్చును, పాల కేంద్రమువారు ఎన్నాళ్లకు సొమ్ము చెల్లింతురు, మునుపటి అప్పు ఎట్లు తీర్చిరి. అంతకుముందు అప్పు పొందిన సంఘమువారిని ఆయన ఏమేమి అడిగెనో విచారించి పోయినచో సగము పని అయినట్లే. పట్టణమున పచ్చళ్లమ్ము వారును అంతే. కారము ఎక్కువైనదా తక్కువైనదా అని కొన్నవారిని అడుగక, మా పచ్చడి బహు శ్రేష్ఠమని ఎంత చెప్పినను సీసాలు తిరిగివచ్చును.

మరుసటి నెల ఆ గ్రామమునకు ఉదయము 10 గంటలకే పోయితిని. టీ బడ్డీయొద్ద కొంతసేపు కూర్చుంటిని, పంతులుగారిని కలిసికొంటిని. ఆ తల్లి గడప ఎక్కుటకు మాత్రము కాళ్లు రాలేదు. చివరకు ఆమెయే నన్ను చూచి, "రండి అయ్యగారూ" అని మంచమువాల్చి మంచినీళ్లిచ్చెను. నేను క్షమాపణ అడిగితిని. ఆమె ఏమియు అనక, కుమారుని ఫొటో తెచ్చి నా చేతిలో పెట్టెను. ఆ రాత్రి కూటములో వేరొక వాక్యభాగము చదివితిని.