మిరపకోతల నెలల్లో బడి: ఉద్యోగస్తులు చేయగల సాయం

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో నెలజీతం మీద బతికేవాళ్లలో చాలామందికి పేదపిల్లల చదువుకు ఏదైనా చేయాలని ఉంటుంది. జూన్ రాగానే తలా కొంత వేసుకుని పక్క ఊరి బడికి నోటుపుస్తకాలు, బ్యాగులు పంచుతారు. మంచి పనే. అయితే అదే నెలలో ప్రభుత్వం కూడా విద్యార్థి మిత్ర కిట్ల పేరుతో బ్యాగు, బూట్లు, పుస్తకాలు, యూనిఫాం ఇస్తోంది. మన మెట్టలో పిల్లలు బడికి దూరమయ్యేది జూన్‌లో కాదు. సంక్రాంతి దాటాక, మిరపకోతలు ముమ్మరమైనప్పుడు. అందుకే నేను చెప్పేది ఒకటే: మీ డబ్బు, మీ సెలవు రోజులు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఉండే ఆ నాలుగు నెలలకు దాచిపెట్టండి.

కోతల కాలంలో చందర్లపాడు, వత్సవాయి, పెనుగంచిప్రోలు వైపు ఏదైనా మిరప కల్లం దగ్గర కాసేపు నిలబడి చూడండి. పట్టాల మీద కాయలు ఎండబోసి ఉంటాయి. పెద్దవాళ్లు చేలో వంగి కోస్తుంటారు. గట్టున చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో చంటివాడు, పక్కన వాడి అక్క. తొమ్మిదేళ్లో పదేళ్లో ఉంటాయి. ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ రెండో చేత్తో తాలుకాయలు ఏరి పక్కన పోస్తుంటుంది. ఆ చేత్తో కళ్లు నులుముకుంటే మంట, అందుకని మోచేత్తో తుడుచుకుంటుంది. ఆ సమయానికి ఆమె పేరు ఏదో ఒక ఊరి బడి రిజిస్టరులో ఉంటుంది.

తల్లిదండ్రులకు చదువు మీద ఇష్టం లేక పిల్లను తెచ్చుకున్నారని అనుకోకండి. కోత కూలి కిలోల లెక్కన ఉన్నచోట తల్లి చంటివాణ్ణి ఎత్తుకుని కూర్చుంటే ఆ పూట కూలి పోయినట్టే. ఇంటిదగ్గర చూసుకునే మనిషి ఉండరు. ఈ ముడి విప్పకుండా బ్యాగు ఇస్తే అది గుడిసెలో వేలాడుతుంది. స్థానిక కూలీల పిల్లలదీ, బయటి జిల్లాల నుంచి మేస్త్రీల వెంట ముఠాలుగా వచ్చినవాళ్ల పిల్లలదీ ఇదే కథ. రెండోవాళ్లకు ఈ ఊళ్లో బడి కూడా కొత్తే.

దీన్ని తెలుగునాట పట్టుదలగా ఎదుర్కొన్నది మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్. సంస్థ 1981లో పుట్టింది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిలో ఉన్న పిల్లలను బడికి మళ్లించే పని చేపట్టింది. దాన్ని నడిపిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు. వాళ్లు పట్టుకున్న సూత్రం చాలా కఠినమైనది: బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే. పగలు పని చేయించుకుని రాత్రి బడి పెడతామంటే ఒప్పుకోలేదు. చదువు తప్పిన పిల్లలను కొన్ని నెలలు శిబిరంలో ఉంచి, వయసుకు తగ్గ తరగతికి సిద్ధం చేసి, మామూలు బడిలోనే చేర్చారు. ఊళ్లోని యువకులే రైతుల దగ్గరకు, తల్లిదండ్రుల దగ్గరకు వెళ్లి మాట్లాడేవాళ్లు. మీ పేటలో సాయంత్రం ట్యూషన్ పెట్టే ముందు ఈ సంగతి ఆలోచించండి. పగటిబడి మానేసిన పిల్లకు సాయంత్రం ట్యూషన్ చెబితే, మానేయడాన్ని మనమే సులువు చేసినట్టవుతుంది. బడికి వెళ్లే పిల్లకు చెబితే మాత్రం ఎంతైనా మేలు.

ఇక పనిలోకి వద్దాం. మీరు రోజూ వెళ్లే దారిలో ఉన్న ఒక్క ప్రభుత్వ బడిని ఎంచుకోండి. డిసెంబరులోనే ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని, పోయిన ఏడాది కోతల నెలల్లో ఎవరెవరి హాజరు పడిపోయిందో అడగండి. టీచర్లకు ఆ పేర్లు నోటికి వచ్చు. ఆ ఇళ్లకు టీచరుతోనో తల్లిదండ్రుల కమిటీ సభ్యులతోనో కలిసి వెళ్లండి. వెళ్లినప్పుడు నీతులు చెప్పకుండా లెక్క చెప్పండి. 2025 జూన్ నుంచి తల్లికి వందనం పథకం కింద ఒక్కో బిడ్డకు 15,000 రూపాయలు, అందులో బడి నిర్వహణకు 2,000 పోను 13,000 తల్లి ఖాతాలో పడుతున్నాయి. దానికి 75 శాతం హాజరు ఉండాలి. ఏడాదికి 220 పనిదినాలు అనుకుంటే 55 రోజులకు మించి మానకూడదు. ఒక్క కోతల సీజనే ఆ 55 రోజులనూ మింగేయగలదు. ఈ లెక్క తల్లికి విడమరిచి చెబితే ఆమే మేస్త్రీతో మాట్లాడుకుంటుంది.

సేకరించిన డబ్బు దేనికి పెట్టాలంటే, నా ఓటు చంటిపిల్లలను చూసుకునే మనిషికి. మూడేళ్లు దాటినవాళ్లకు అంగన్‌వాడీ ఉంది. అంతకంటే చిన్నవాళ్లను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎవరు చూస్తారు? ఆ ఊళ్లోనే చేను పనికి పోలేని ఒక పెద్దావిడకు నాలుగు నెలలు జీతమిచ్చి, నీడపట్టున నలుగురైదుగురు చంటివాళ్లను అప్పగిస్తే అంతమంది అక్కలు బడికి వెళ్తారు. ఆ తర్వాతి ఖర్చు చేల దగ్గర గుడిసెల నుంచి బడికి ఆటో. ఈ రెండింటికీ దాతలు దొరకడం కష్టం, ఎందుకంటే ఫొటోలో కనిపించవు.

బయటి నుంచి వచ్చిన పిల్లల విషయంలో చట్టం మన పక్షాన ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. టీసీ ఆలస్యమైందని, పుట్టినతేదీ కాగితం లేదని కాదనకూడదు. ఆధార్ లేదని చేర్చుకోకపోవడం కుదరదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బడిలో చిక్కొస్తే మండల విద్యాశాఖాధికారికి కాగితం మీద రాసివ్వండి. కాగితానికి ఉన్న బలం ఫోనుకు ఉండదు. 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు లేదా 20,000 నుంచి 50,000 దాకా జరిమానా, రెండూ కూడా పడవచ్చు. రైతుతో మొదట మంచిమాటగా ఈ సంగతి చెప్పండి, చాలామందికి తెలియదు. పిల్లను కొడుతున్నారనో, బలవంతంగా ఉంచారనో తెలిస్తే మాత్రం మంచిమాటలతో పొద్దుపుచ్చకుండా 1098కి ఫోన్ చేయండి.

చదువు చెప్పగలిగినవాళ్లకు రెండు పనులున్నాయి. మొదటిది చదవడం నేర్పడం. ప్రథమ్ సంస్థ వాడే పద్ధతి ఎవరైనా పట్టుకోగలిగేది: తరగతితో పని లేకుండా అక్షరం, పదం, పేరా, కథ అని ఎవరు ఎక్కడ ఆగితే అక్కడ గుంపు చేసి చెప్పడం. 5వ తరగతి పిల్ల చేతికి 2వ తరగతి వాచకం ఇచ్చి చూడండి. గుణింతాల దాకా గబగబా చదివి ‘రాత్రి’ దగ్గర, ‘వస్త్రం’ దగ్గర ఆగిపోతుంది. ఆమెకు కావాల్సింది వత్తులు, 5వ తరగతి పాఠం కాదు.

రెండోది నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్షకు తయారుచేయడం. సిమెంటు ఫ్యాక్టరీల్లో, బ్యాంకుల్లో లెక్కలు బాగా వచ్చినవాళ్లకు ఇంతకంటే తగిన పని లేదంటాను. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో 8వ తరగతి చదువుతూ, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించని పిల్లలు రాయవచ్చు. ఎంపికైతే 9 నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు, ఏడాదికి 12,000 చొప్పున 48,000 రూపాయలు. పరీక్షలో సగం మెంటల్ ఎబిలిటీ, సగం పాఠ్యాంశాలు. మన రాష్ట్రంలో సాధారణంగా డిసెంబరులో జరుగుతుంది కాబట్టి జులైలో మొదలుపెడితే చేతిలో ఐదు నెలలుంటాయి. దరఖాస్తుకు కుల, ఆదాయ ధ్రువపత్రాలు కావాలి. సచివాలయం చుట్టూ తిరిగే ఆ పని మీరు చేసిపెడితే తల్లికి ఒక రోజు కూలి మిగులుతుంది. షిఫ్టులు మారేవాళ్లు ఒక్కరే ఒప్పుకోకండి, ముగ్గురు కలిసి పంచుకోండి. రెండు ఆదివారాలు మాస్టారు రాకపోతే మూడో ఆదివారం పిల్లలు రారు.

ఉద్యోగానికి చిక్కు రాకుండా కొన్ని జాగ్రత్తలు. ప్రభుత్వోద్యోగులు ముందస్తు అనుమతి లేకుండా చందాలు వసూలు చేయకూడదు. మీ వాటా మీరిచ్చి, వసూలు పని వేరేవాళ్లకు వదిలేయండి. విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, అదీ అనుమతి ఉన్న సంస్థకు ఇస్తేనే. నగదుగా 2,000 దాటితే ఆ మినహాయింపూ రాదు. ఏ సంస్థకు ఇచ్చినా ఏ ఊళ్లలో పనిచేస్తోందో, పోయిన ఏడాది ఖర్చు ఎంతో అడగండి. చెప్పలేని సంస్థకు ఇవ్వకండి. పిల్లలతో ఎప్పుడూ ఒంటరిగా కూర్చోకండి, ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. పిల్లల మొహాలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి.

పెద్ద కంపెనీల్లో చేసేవాళ్ల చేతిలో ఇంకో దారి ఉంది. జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ వంటి ఫ్యాక్టరీలున్న ప్రాంతం మనది. 2014 ఏప్రిల్ నుంచి, నికర లాభం 5 కోట్లు దాటడం వంటి షరతుల్లోకి వచ్చే కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. చుట్టుపక్కల ప్రాంతానికే ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. ఉద్యోగులే సంతకాలు చేసి, ఫలానా ఊళ్లో నాలుగు నెలలు శిశు సంరక్షణ కేంద్రం, ఒక ఆటో, ఇంత ఖర్చు అని ఒక్క పేజీ లెక్కతో హెచ్‌ఆర్‌కు ఇవ్వండి. వచ్చే ఆర్థిక సంవత్సరం బడ్జెట్ ఖరారయ్యేలోపే ఇవ్వాలి.

సంక్రాంతి సెలవుల తర్వాత బడి తెరిచిన వారంలో ఒక గంట పర్మిషన్ పెట్టి వెళ్లండి. హాజరుపట్టీలో ఎవరి గడి ఖాళీగా ఉందో చూసి, అదే సాయంత్రం ఆ ఇంటికి నడవండి.