ఏ తూటా మంచిదని అడిగావు

వికారాబాద్

మానసా,

ఎన్‌సీసీ క్యాంపులో 25 గజాల ఫైరింగుకు మూడు రౌండ్లు ఒక్కచోట పడి, రెండు మాత్రం రెండు వేళ్ల కిందికి పోయాయని రాశావు. పాత రౌండ్లు ఇచ్చారేమోనని నీ అనుమానం. సొంతంగా నేర్చుకుంటే ఏ కంపెనీ తూటాలు మంచివి అని కూడా అడిగావు.

ముందు లెక్క వేద్దాం బిడ్డా. నువ్వు పేల్చిన పాయింట్ టూటూ రౌండులో సీసపు గుండు రెండున్నర గ్రాముల పైచిలుకు. సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. తూటా తిన్నగా పోతుందనేది సినిమాల మాట. గొట్టం వదిలిన క్షణం నుంచే అది కిందికి పడుతుంటుంది. 50 మీటర్లు చేరేసరికి పన్నెండు సెంటీమీటర్లు దిగుతుంది. ఆ పాటు చూసుకునే సైట్లు గొట్టాన్ని కాస్త ఎత్తిపెడతాయి. ఇక ఏదైనా రౌండు సెకనుకు పది మీటర్లు నెమ్మదిగా వెళ్లిందనుకో, 50 మీటర్ల దగ్గర ఏడెనిమిది మిల్లీమీటర్లు కింద తగులుతుంది. ఆ దూరపు పోటీ టార్గెట్‌లో పదో వలయం అడ్డకొలతే 10.4 మిల్లీమీటర్లు, అంటే అది పెద్ద తేడానే. నీ 25 గజాల్లో మాత్రం అది రెండు మిల్లీమీటర్లు కూడా కాదు.

మరి రెండు వేళ్ల జారుడు ఎక్కడిది? ఊపిరిదే అయి ఉంటుంది. బోర్లా పడుకొని గాలి పీలిస్తే ఛాతీ లేస్తుంది, గొట్టం మూతి దిగుతుంది. ఆ రెండూ ఊపిరి నిండుగా ఉండగా వదిలావు, లేదంటే ట్రిగ్గర్ గుంజావు. పాపం, రౌండ్ల మీద ఎందుకు చాడీలు?

ఇక కంపెనీ సంగతి. ఈ రౌండులో అంటుకునే మందు మధ్యలో ఉండదు, ఖోకా అంచు లోపల చుట్టూ పరిచి ఉంటుంది. ఆ పొర ఒకచోట పలచనైతే మంట ఒక్కతీరుగా లేవదు, వేగం మారుతుంది. డబ్బా మీద పేరు అదే అయినా తయారీ లాట్ నంబరు మారితే రౌండ్లు పడే గ్రూపు మారేది ఇందుకే. పెద్ద పోటీలకు వెళ్లేవాళ్లు తమ రైఫిల్‌ను ఇంగ్లండులోని ఎలీ కంపెనీ వాళ్ల దగ్గరికో, జర్మనీలోని లాపువా టెస్ట్ రేంజికో తీసుకుపోయి, లాట్ తర్వాత లాట్ పేల్చి చూసి, తమ గొట్టానికి నప్పినదే కొంటారు. అదే లాట్ పక్కవాడి రైఫిల్‌లో చెదిరిపోవచ్చు. కాబట్టి నీకు నేను పేరేం చెప్పను?

హై వెలాసిటీ అని రాసిన డబ్బా చూసి మోజుపడకు. ధ్వని కంటే వేగంగా బయల్దేరిన గుండు దారిలో నెమ్మదించి, ధ్వని వేగం కంటే కిందికి దిగేచోట ఊగిసలాడుతుంది. టార్గెట్ రౌండ్లను మొదటి నుంచీ ధ్వని కంటే తక్కువ వేగానికే చేస్తారు. మన తాండూరు ఎండల్లో రౌండ్లను కారులో వదలకూడదు. గుండు మీద పూసిన మైనం మెత్తబడుతుంది, మందు తీరూ మారుతుంది.

అసలు ఇప్పుడే నీకివేవీ అక్కర్లేదు. ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టు. 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నదానికి లైసెన్సు అడగరు. పది మీటర్ల దూరం, 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్, టార్గెట్ నడుమ పది అంటే అర మిల్లీమీటరు చుక్క. చిన్నపిల్లల ఆట అనుకోకు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది దీంతోనే. ఆయన స్కోరు 701.1, రజతం వచ్చినవాడిది 701.5. మధ్యలో 0.4 పాయింటు! పెల్లెట్ వెనక అంచు మెత్తని సీసం, డబ్బా కింద పడితే సొట్టపోతుంది. ఒక్కొక్కటీ చూసుకొని పెట్టాలి, తర్వాత చేతులు కడుక్కోవాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. మీ దగ్గర పోరగాళ్లు నాపరాయి గనుల్లో, బండల గోడకు డబ్బాలు పెట్టి కొడతారు. ఆ పనికి పోవద్దు. రాతికి తగిలిన పెల్లెట్ కంటికేసి తిరిగొస్తుంది. పాయింట్ టూటూ గుండయితే ఏటవాలుగా ఎగిరి ఎవరి చేనులోనో పడుతుంది. అడ్డు లేకపోతే అది కిలోమీటరు దాటి పోగలదు. వెనక మట్టికట్ట ఉన్న రేంజిలోనే, కళ్లద్దాలు పెట్టుకొనే పేల్చాలి.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే, గొట్టం టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగు. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. టప్పుమని బలహీనమైన చప్పుడొస్తే గుండు గొట్టంలోనే ఇరుక్కుందేమో. నేర్పే ఉస్తాద్‌ను పిలిచి చూపించేదాకా ఇంకో రౌండు ఎక్కించకు. గొట్టం పగులుతుంది.

కంది చేనులో అడవి పందులకు ఈ పాయింట్ టూటూ తుపాకీ పనికొస్తుందా అని మీ నాయన అడిగాడన్నావు. ఆటకిచ్చిన లైసెన్సు ఆటకే. 1972 నాటి వన్యప్రాణుల చట్టం ఉంది, పందుల సంగతి అటవీ శాఖవాళ్లతో మాట్లాడమను. బావకు నేనూ ఫోన్ చేస్తాలే.

ఈసారి ఫైరింగ్ అయ్యాక టార్గెట్ కాగితం పారేయకు. ఏ రౌండు ఎప్పుడు పడిందో, వదిలినప్పుడు ఊపిరి ఎలా ఉందో వెనక రాసి పంపు.

మీ మామ