టై ముడి కింద సొట్ట – ఇంటర్వ్యూకు వెళ్ళే విద్యార్థులకు ఒక పాఠం



చదువు పూర్తి కావచ్చే సంవత్సరంలో క్యాంపస్ సెలక్షన్లు, ఇంటర్వ్యూలు మొదలవుతాయి. మార్కుల జాబితాలు, సర్టిఫికెట్ల నకళ్ళు, ఫోటోలు అన్నీ ఫైలులో సర్దుకుంటాము. టై మాత్రం చివరి నిమిషంలో గుర్తుకు వస్తుంది. కాన్వెంటులో పదేళ్ళు టై కట్టుకున్నామని చాలామందికి ధైర్యం. కాని అది ఎలాస్టిక్ టై. దాని ముడి దుకాణంలోనే కుట్టి వచ్చింది. మనము తల మీదుగా తగిలించుకున్నామంతే. నిజమైన టై చేతికి వచ్చిన రోజున ఏ కొస ఎటు పోవాలో తెలియదు.

ఈ మాట నా అనుభవంతో చెబుతున్నాను. నా మొదటి ఇంటర్వ్యూకు హాస్టల్ గదిలోని మిత్రుడు టై ముడి వేసి ఇచ్చాడు. విప్పితే మళ్ళీ వేసుకోలేనన్న భయంతో నాలుగు రోజులపాటు ముడి విప్పకుండా వదులు చేసి, మేకుకు తగిలించాను. మూడవ ఇంటర్వ్యూ నాటికి అది బావి చేదతాడులా అయింది. గదిలో కూర్చున్నంతసేపూ నా చేయి మెడ దగ్గరే ఉంది. బాగా వచ్చిన పాఠం మీదే ప్రశ్న అడిగారు. నా మనసు ముడి మీద ఉండి జవాబు సగంలోనే ఆగిపోయింది. ఆ ఉద్యోగం నాకు రాలేదు.

బళ్ళారికి తిరిగి వచ్చాక మా వీధి టైలరు దగ్గరకు ఆ టై తీసుకువెళ్ళాను. ఆయన జీన్స్ ప్యాంట్లు కుట్టే మనిషి. ఎన్నడూ టై కట్టుకోలేదు. చూసి నవ్వి, "ఇది ఎవరు కట్టినారప్పా?" అన్నాడు. "మిత్రుడు కట్టాడన్నా. ముడి కింద ఎంత సర్దినా చప్పగా పడిపోతా ఉంది" అన్నాను. "కింద సర్దితే ఏమొస్తుందప్పా? చీరకు కుచ్చిళ్ళు దోపేటప్పుడే సరిగా పట్టాల. దోపినాక లాగితే నిలుస్తాయా?" అన్నాడు. ఈ పాఠానికి మూలం ఆ ఒక్క మాటే. ముడి కింద కనిపించే అందం ముడి బిగియక ముందే నిర్ణయమవుతుంది.

సొట్ట, వంపు అంటే ఏమిటి?

బాగా కట్టిన టైలో ముడికి సరిగ్గా కింద, నడిమధ్యన, ఒక చిన్న గుంట ఉంటుంది. బుగ్గ మీది సొట్ట వంటిది. దానివల్ల టై ముడి నుండి కొంచెం ముందుకు వంపు తిరిగి, తరువాత నేరుగా కిందికి దిగుతుంది. ఇవి లేకపోతే టై చొక్కాకు అతుక్కుని, ఎండిన ఆకులా వేలాడుతుంది.

సొట్ట వల్ల వంపు ఎందుకు వస్తుందో తెలియాలంటే ఒక కాగితం తీసుకోండి. ఒక అంచు మాత్రం పట్టుకుంటే రెండవ అంచు వాలిపోతుంది. అదే అంచును మధ్యలో కాలువలా వంచి పట్టుకుంటే కాగితం ముందుకు నిలబడుతుంది. ఇంటి కప్పుకు వేసే రేకులకు గాళ్ళు పెట్టేది కూడా ఇందుకే. ఒక దిక్కున వంగిన పలక రెండవ దిక్కున సులభంగా వంగదు. సొట్ట ఆ కాలువ వంటిది. బిగువైన ముడి దానిని పట్టుకుని ఉండే చేయి వంటిది. ముడి వదులైతే సొట్ట పోతుంది, సొట్ట పోతే వంపు పోతుంది.

టై బట్ట సంగతి

17వ శతాబ్దంలో ఫ్రాన్సులో కొలువు చేసిన క్రొయేషియా సైనికులు మెడకు కట్టుకున్న గుడ్డ నుండి నేటి టై పుట్టింది. 1920లలో న్యూయార్క్‌కు చెందిన జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ బట్టను ఏటవాలుగా కత్తిరించి, మూడు ముక్కలుగా కలిపి కుట్టే పద్ధతి తెచ్చాడు. అమ్మలకు ఇది కొత్త కాదు, క్రాస్ కటింగ్ జాకెట్టు వంటిదే. క్రాస్‌లో కత్తిరించిన బట్ట కొంచెం సాగుతుంది, ముడిలో చక్కగా ఒదుగుతుంది, విప్పాక మళ్ళీ తన రూపానికి వస్తుంది. లోపల ఒక అస్తరు ఉంటుంది. సొట్ట నిలవడానికి దాని బలం కూడా అవసరము.

కొనేటప్పుడు టైని సన్న కొస దగ్గర పట్టుకుని వేలాడదీయండి. మెలి తిరిగితే కటింగ్ సరిగా లేదని అర్థం. వేళ్ళ మధ్య మడిచి వదలండి. ముడత అలాగే నిలిచిపోతే ఆ బట్ట వద్దు. మరీ పలుచని, జారిపోయే టై కూడా వద్దు. మూడు నుండి మూడున్నర అంగుళాల వెడల్పు అన్ని చోట్లకూ పనికి వస్తుంది.

కట్టే పద్ధతి

టై కట్టడానికి 85 పద్ధతులు ఉన్నాయని 1999లో కేంబ్రిడ్జ్‌లోని థామస్ ఫింక్, యోంగ్ మావో అనే శాస్త్రజ్ఞులు లెక్క కట్టి చూపారు. మనకు ఒకటి చాలు. దాని పేరు ఫోర్-ఇన్-హ్యాండ్. సొట్ట సులభంగా వచ్చే ముడి ఇదే.

1. చొక్కా పై బొత్తాము పెట్టి కాలరు పైకి ఎత్తండి. కుట్టు లోపలి వైపు ఉండేలా టైని మెడ చుట్టూ వేసుకోండి. వెడల్పు కొస కుడి వైపున, సన్న కొస కంటే ఒక అడుగు కిందికి ఉండాలి.
2. వెడల్పు కొసను సన్న కొస మీదుగా ఎడమకు తీసుకురండి.
3. సన్న కొస వెనుక నుండి కుడికి తీసుకురండి.
4. మళ్ళీ ముందు నుండి ఎడమకు చుట్టండి. ఇప్పుడు ముందు వైపున ఒక అడ్డ పట్టీ ఏర్పడుతుంది.
5. వెడల్పు కొసను మెడ దగ్గరి సందు గుండా కింది నుండి పైకి తీయండి.
6. అదే కొసను ముందున్న అడ్డ పట్టీ లోపలి నుండి కిందికి దించండి. ఇంకా బిగించవద్దు.
7. అసలు పని ఇక్కడ ఉంది. పట్టీకి సరిగ్గా కింద, టై నడిమధ్యన చూపుడు వేలు పెట్టి లోపలికి నొక్కండి. బొటనవేలితో, మధ్యవేలితో రెండు అంచులనూ దగ్గరకు తెండి. కాలువ ఏర్పడుతుంది.
8. ఆ కాలువను వదలకుండా వెడల్పు కొసను నేరుగా కిందికి లాగండి. రెండవ చేతితో ముడిని ఇరుపక్కలా నొక్కి పట్టండి. ముడి కింది అంచు గట్టిగా బిగిసిన తరువాతనే వేలు తీయండి.
9. ఒక చేత్తో సన్న కొస పట్టుకుని, రెండవ చేత్తో ముడిని పైకి జరపండి. బొత్తాము కనపడరాదు. కాలరు దించండి. ముడి కింది బట్టను రెండు వేళ్ళతో కొంచెం ముందుకు ఎత్తి వదలండి. వంపు నిలుస్తుంది.

టై కొస బెల్టు బకిల్ దగ్గర ఆగాలి. పొడవు ఎక్కువ తక్కువైతే కొసను లాగి సర్దవద్దు, విప్పి మొదటి మెట్టు నుండి కట్టండి. మెడకూ కాలరుకూ మధ్య రెండు వేళ్ళు దూరాలి. ఊపిరి ఆడకపోతే తప్పు టైది కాదు, కాలరు కొలతది.

సొట్ట నిలవకపోతే

సొట్ట పక్కకు పోతే మడత నడుమ పెట్టలేదని అర్థం. కాసేపటికే పోతే ముడి వదులుగా ఉంది, లేదా అస్తరు పలుచనిది. రెండు సొట్టలు పడితే అంచులను సమంగా దగ్గరకు తేలేదు. మొదటి పదిసార్లు రాకపోతే దిగులు పడవద్దు.

విప్పడం, దాచడం

సన్న కొసను ముడిలో నుండి ఒక్కసారిగా గుంజితే లోపలి కుట్టు తెగుతుంది. కట్టిన వరుసకు వెనుక వరుసలో విప్పండి. ముడి ఉన్న టైని మేకుకు తగిలించవద్దు. రాత్రి హంపి ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరుకు వెళ్ళేవారు టైని చాపలా చుట్టి బ్యాగులో పెట్టుకోండి. ఇస్త్రీ పెట్టెతో అదమవద్దు. అంచులు చదునై సొట్ట నిలవదు. వేడి నీళ్ళ ఆవిరికి కొంచెం దూరంగా పట్టుకుంటే ముడతలు పోతాయి.

ఎక్కడ కట్టాలి, ఎక్కడ కట్టరాదు

అన్ని ఉద్యోగాలకూ టై అక్కర లేదు. బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలావరకు టై అడగవు. హోటల్ మేనేజ్‌మెంట్, సేల్స్ వంటి రంగాలలో అవసరం వస్తుంది. ఆడపిల్లలకు కూడా కొన్నిచోట్ల యూనిఫారంలో టై ఉంటుంది, పద్ధతి అదే. లా చదివే విద్యార్థులు ఒక విషయం గమనించాలి. జిల్లా, సెషన్స్, సిటీ సివిల్ కోర్టులకూ, హైకోర్టు, సుప్రీంకోర్టులకూ తెల్ల బ్యాండ్లు కావాలి. మిగిలిన కోర్టులలో వాటికి బదులు నల్ల టై కట్టవచ్చునని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు చెబుతున్నాయి.

ఐ.టి.ఐ., పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ విద్యార్థులకు గట్టి హెచ్చరిక: వర్క్‌షాపులో, తిరిగే యంత్రం దగ్గర టై కట్టరాదు. లేతు యంత్రంలో కొస చిక్కుకుంటే మెడకే ప్రమాదము. తోరణగల్లు ఉక్కు కర్మాగారం వంటి చోట పని చూడటానికి తీసుకువెళితే ముందే విప్పి సంచిలో పెట్టండి.

తల్లిదండ్రులకు

ఖరీదైన టై కొనవద్దు. ఒక మంచి టై కొని, ఇంటర్వ్యూకు పదిహేను రోజుల ముందే పిల్లల చేతికి ఇవ్వండి. బజారు నుండి ముడి వేయించుకుని రావద్దు. చీర కుచ్చిళ్ళు, పంచె కుచ్చెళ్ళు పెట్టడం తెలిసిన పెద్దలకు ఈ పని రెండు రోజుల్లో వస్తుంది. పక్కన కూర్చుని మీరూ నేర్చుకోండి.

టై కట్టినందుకు ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. కాని తన ముడి తానే వేసుకున్న విద్యార్థి చేయి మాటిమాటికీ మెడ దగ్గరకు పోదు. అతని మనసు అడిగిన ప్రశ్న మీద ఉంటుంది. మనకు కావలసినది అదే.

అభ్యాసము

1. అద్దం చూస్తూ రోజుకు ఐదుసార్లు, వారం రోజులు కట్టండి.
2. రెండవ వారం అద్దం లేకుండా కట్టండి.
3. కట్టిన టైతో ఒక గంట కూర్చుని చదవండి. సొట్ట నిలిచిందో లేదో చూడండి.
4. ఇంట్లో తమ్ముడికో చెల్లెలికో నేర్పండి. నేర్పగలిగితే మీకు వచ్చినట్టే.